వేరు పొయ్యి

“గాయినకు, నాకు ఏం సంబంధం లేదు మేడం. ఏరువడ్డం. ఆయన పొయ్యి ఆయనది, నా పొయ్యి నాది.”

పరశురాములు ఆ మాట అంటూండగానే తండ్రి కిష్టయ్య చేతిసంచితో వాకిట్లో అడుగుపెట్టాడు. వెనకాలే తల్లి పుష్పమ్మ. కోస్గి దగ్గర కూతురింట్లో ఉన్న భర్తను వెంటబెట్టుకు రావడానికి ఆమె తెల్లవారగానే బయలుదేరి వెళ్ళింది. “తొవ్వల నాయినకు అంత సమజ్ చేసి తోల్కరా అమ్మా” అని పరశురాములు మరీ మరీ చెప్పి పంపాడు.

దారిలోనే ఆమె భర్తకు అర్థమయ్యేలా చెప్పవలసిన సంగతి ఇది. కిష్టయ్య గుండెలో వాల్వు చెడింది. ఆపరేషన్ ఆలస్యం చేస్తే మనిషి దక్కడన్నాడు డాక్టరు. ఆరోగ్యశ్రీ కింద చేయాలంటే రేషన్ కార్డు కావాలి. పరశురాములు కిరాయికి తిప్పే కారు అతని పేరు మీదే ఉంది. కారున్న ఇంటికి కార్డు రాదన్నారు. తల్లిదండ్రులు వేరుగా బతుకుతున్నారని తేలితే మాత్రం వాళ్ళిద్దరికీ విడిగా వస్తుంది. ఆ ఊళ్ళో వేరుపడటమంటే నడుమ గోడ కట్టడం కాదు, పొయ్యి వేరు చేయడం. అందుకే నిన్న సాయంత్రం గొర్రెల కొట్టంలో మూడు రాళ్ళు పెట్టి, వాటికి మసి పట్టేదాకా మంట వేశాడు. విచారణకు మధ్యాహ్నం వస్తానన్న అధికారి మనీష పొద్దున్నే వచ్చి కూర్చుంది.

కిష్టయ్య అక్కడే నిలబడిపోయాడు.

“ఏమన్నవ్‌రా?”

పరశురాములుకు లోలోపల సంతోషం వేసింది. నాయిన సరిగ్గానే అందుకున్నాడు.

“ఉన్నదే అన్న. ఏరువడ్డంక నా వాకిట్లకు ఎందుకొస్తున్నవ్? నీ జాగా గా కొట్టం.”

గోడ అవతలి నుంచి పక్కింటి లక్ష్మీనర్సమ్మ తొంగిచూసింది. “గిదేందిరా పరశురాములూ! మొన్నటిదాంక అందరు ఒక్క గిన్నెల కూర తిన్నరు గదరా?”

మనీష రాయడం ఆపి తలెత్తింది. “నిజమా అమ్మా? కలిసే ఉంటున్నరా?”

పరశురాములు గబుక్కున ముందుకొచ్చాడు. ఈ ఒక్క మాటతో కార్డు పోతుంది. కార్డుతో పాటు నాయిన పోతాడు.

“తిన్నం! తినీ తినీ యాష్టకొచ్చింది నాకు! రాత్రంత దగ్గు, పొద్దంత మందులు. గీయన మంచం కాడనే నా బతుకు తెల్లారాల్నా? నా పిల్లలను సాకాల్నా, గీ ముసలోన్ని మోయాల్నా? సస్తె సావనీ!”

అతను సిద్ధం చేసుకున్న మాటలు రెండు మూడే. మిగిలినవి వాటంతట అవే వచ్చాయి. అబద్ధానికి ఇంత సులువుగా మాటలు దొరుకుతాయా అన్న ప్రశ్న ఒకటి మనసులో తలెత్తింది. దాన్ని తరువాత చూసుకోవచ్చనుకున్నాడు.

“థూ! నీ నోట్ల మన్ను వడ! కన్నతండ్రినిరా!” అంటూ లక్ష్మీనర్సమ్మ మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పుష్పమ్మ పెదవులు కదిలాయి. మేడం వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిష్టయ్య నెమ్మదిగా కొట్టంలోకి నడిచాడు. రాళ్ళ ముందు గొంతుక్కూర్చుని ఒకదానిని వేలితో తాకి, వేలికంటిన మసిని చాలాసేపు చూశాడు.

“మంచిగనే వెట్టినవ్‌రా పొయ్యి” అన్నాడు.

మనీష లేచి అతని దగ్గరికి వెళ్ళింది. “పెద్దాయనా, మీ కొడుకు చెప్పేది నిజమేనా?”

“కొడుకా? నాకు కొడుకు లేడు బిడ్డా. రాసుకో.”

“మరి ఆపరేషనప్పుడు దవాఖానల మీ వెంట ఎవరుంటరు?”

“మా ఆడామె ఉంటది. పానం పోతే ఎవరికన్న కబురు వెట్టుండ్రి. గీ ఇంటికి మాత్రం చెప్పకుండ్రి.”

పరశురాములు విస్తుపోయాడు. సంతలో ముసలి గొర్రెను ముసలిదనే చెప్పి అమ్మిన మనిషి నాయిన. ఆ నోట ఇంత నిబ్బరంగా అబద్ధం పలుకుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. ముఖంలో మెచ్చుకోలు బయటపడుతుందేమోనని తల దించుకున్నాడు.

మనీష కాగితాలు సర్దుకుంది. “ఇంక నాకు ఎవరూ సాక్ష్యం చెప్పే పని లేదు. కార్డు ఇయ్యొచ్చని ఈ రోజే రాస్తా. వేలిముద్ర, ఫోటో కావాలె. జీపుల రండి పెద్దాయనా, మండలాఫీసుకు తీస్కపోతా.” పరశురాములు పక్కగా వెళుతూ ఒక్క క్షణం ఆగింది. “నీ పిల్లలు చూస్తున్నరు. యాది పెట్టుకో.”

కిష్టయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని జీపులో కూర్చున్నాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. కొడుకు వైపు చూడలేదు.

జీపు మలుపు తిరిగేదాకా ఓపిక పట్టి, పరశురాములు ఒక్క గంతులో తల్లిని చేరి భుజాలు పట్టి ఊపేశాడు.

“అయిపాయె అమ్మా! కార్డొచ్చినట్టే! నాయిన బతికిండు! ఇంక ఫికర్ లేదు. అబ్బ, ఏం చేసిండే నాయిన! కొడుకు లేడు అన్నప్పుడు నాకే నిజమనిపించింది. గంత మంచిగ ఎట్ల నేర్పినవే తొవ్వల?”

పుష్పమ్మ జీపు పోయిన దారినే చూస్తోంది.

“ఆటో నిండ మనూరోల్లే ఉండిరి బిడ్డా. ఇంటికొచ్చినంక చెప్దమనుకున్న. ఆయనకు నేనింకా ఏం చెప్పలే.”