పెరట్లో ఓడ గడ్డి

చుట్టచుట్టిన పచ్చటి చాపలు రెండూ రిక్షా బండి మీంచి పెరట్లో దించేసరికి, ఇక ఈ ఇంట్లో మొక్క నాటే యోగం తనకి లేదని చిట్టెమ్మకి అర్థమైపోయింది.

"ఏంటండీ ఇవి?" అంది.

"పేస్టిక్ గడ్డి. ఓడ మీదది. సటిల్ కోర్టు ఏత్తన్నాను," అన్నాడు గవర్రాజు.

విశాఖ రేవుకి మరమ్మతుకొచ్చిన ఏదో విదేశీ ఓడ మీద ప్రయాణికులు ఆడుకోడానికి పరిచిన గడ్డట. పోర్టు దగ్గర పాత సామాన్లు అమ్మేవాడి కొట్లో పడుంటే కొన్నానన్నాడు. అది ఎనభై ఆరో సంవత్సరం. ఉక్కు టౌన్‌షిప్‌లో ఇంకా సగం ఇళ్లకి మనుషులే రాలేదు. అలాంటి చోట కోర్టు వేస్తానన్న మనిషి పుట్టి బుద్ధెరిగాక షటిల్ బ్యాటు పట్టుకున్న పాపాన పోలేదు.

నిజానికి ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరైన గవర్రాజుకి మొదట మార్కెట్ పక్కనే, మేడమీద, గాలీ వెలుతురూ ఉన్న క్వార్టర్ వచ్చింది. దాన్ని వేరొకరికి ఇచ్చేసి, ఆఫీసు చుట్టూ ఆరు నెలలు తిరిగి, కొండ వైపు చిట్టచివరనున్న ఈ ఇల్లు మార్పించుకున్నాడు. ఎందుకంటే పెరడు పెద్దదన్నాడు. కోనసీమ కొబ్బరితోటల్లో పెరిగిన చిట్టెమ్మ ఆ ఒక్క మాటకి కరిగిపోయింది. వచ్చిన వారానికే కరివేపాకు మొక్క నాటింది. డ్యూటీ నుంచి వచ్చి చూసిన గవర్రాజు మొక్కని వేళ్లతో సహా పైకి తీసి, డబ్బాలో పెట్టి, గుమ్మం ముందు ఉంచాడు. ఇది ఉప్పునేల, ఇక్కడ ఏదీ బతకదన్నాడు.

తర్వాత తోటల విభాగం గుమాస్తా వచ్చాడు. ఖాళీగా ఉన్న ప్రతి పెరట్లోనూ గోతులు తీసి రెండేసి మొక్కలు వేస్తారట. చిట్టెమ్మ సంబరపడింది. గవర్రాజు మాత్రం గుమాస్తాని వీధి చివరిదాకా సాగనంపి, ఆటస్థలం ఉన్న పెరడు జోలికి రారని కనుక్కుని వచ్చాడు. ఆ ఆదివారమే ఈ చాపలు దిగాయి.

పని మూడు వారాలు నడిచింది. కూలీలని పెట్టలేదు. కలుపంతా చేత్తోనే పీకాడు. గంపలతో ఇసక తెచ్చి పోసి, నీళ్లు చిలకరించి, చెక్కతో చదును చేశాడు. యారాడ నుంచి ఎల్లాజీ అనే మత్స్యకారుణ్ణి తీసుకొస్తే, అతను వలలు అల్లే నైలాను దారంతో రెండు చాపల్నీ అతుకు తెలీకుండా కుట్టిపెట్టాడు. పక్కింటి సత్యం సుత్తీ ఇనప మేకులూ పట్టుకొచ్చాడు. గవర్రాజు అవి వద్దని, చాప అంచుల మీద ఇటుకలు పేర్చాడు. నెట్టు స్తంభాలకి గోతులు తీద్దామంటే, ఖాళీ రంగు డబ్బాల్లో ఇసక నింపి వాటిలో నిలబెట్టాడు.

"బావా, గాలేత్తే పడిపోతాయి," అన్నాడు సత్యం.

"పడితే మళ్లీ నిలబెడతాను," అన్నాడు గవర్రాజు.

తెల్ల గీతలు పడ్డాక ఆటగాళ్లకి లోటు లేకపోయింది. షరతు ఒక్కటే, ఎంతవాడైనా చెప్పులూ బూట్లూ విడిచి రావాలి. చాప పాడైపోతుందన్నాడు. రోజూ సాయంత్రం కుర్రాళ్లు ఆడుతుంటే మెట్టు మీద కూర్చుని చూసేవాడు. రమ్మంటే, మీరాడండి నాను సూత్తాననేవాడు. వాళ్లు వెళ్లాక తనే చీపురు పట్టి ఊడ్చుకునేవాడు. కట్టుకున్నదానికి ఒక్క చెట్టు దక్కనివ్వని మనిషి ఊరి పిల్లల ఆటకి ఇంత చాకిరీ చెయ్యడం చూసి చిట్టెమ్మ విసురుగా లోపలికెళ్లి తలుపేసుకునేది.

ఆ వేసవిలో ఆమె తండ్రి ఊరి నుంచి కొబ్బరిమొక్క తెచ్చి ఇచ్చి వెళ్లాడు. గోనెపట్టాలో పది రోజులుండి అది వాడిపోసాగింది. పదకొండో రోజు, గవర్రాజు పొద్దుటి షిఫ్టుకి వెళ్లగానే, చిట్టెమ్మ సత్యం ఇంటి నుంచి గునపం అడిగి తెచ్చింది. మూలనున్న ఇటుకలు తీసింది. చాప మడిచి, గునపం ఎత్తింది.

"ఆగు సిట్టెమ్మా."

జోగమ్మ. గవర్రాజు తల్లి పోయాక అతన్ని పద్మనాభం ఊళ్లో తన ఇంట పెట్టుకుని పెంచిన పినతల్లి. వాళ్లు ఈ ఇంటికొచ్చాక రావడం ఇదే మొదలు. మొదటి బస్సుకి దిగి, వీధి తలుపు తీసేవాళ్లు లేక పక్కనుంచి పెరట్లోకి వచ్చింది. చెప్పులు దూరంగా విడిచి, కోడలి చేతిలోని గునపం తీసుకుని గోడకి ఆనించింది.

చిట్టెమ్మకి దుఃఖం ఆగలేదు. మేడమీది ఇల్లు వదులుకోవడం దగ్గర్నుంచి చీపురు దాకా అన్నీ ఏకరువు పెట్టింది. "ఆయనకి ఆటా రాదు, నాకు చెట్టూ లేదు. ఎవరికోసం అత్తయ్యా ఇదంతా?"

జోగమ్మ కొండ ఆనవాలు చూసుకుని చాప మీద చతికిలబడింది.

"ఆడు నీకేటీ సెప్పనేదా?"

"ఏం చెప్పాలి?"

"ఆడు పుట్టింది పద్మనాభంలో కాదమ్మా. తొమ్మిదో ఏట మా ఇంటికొచ్చినాడు. అంతకుముందు ఇక్కడే. ఫేట్రీకి బూములు తీసుకోకముందు ఇక్కడ మా అక్కా వోళ్ల ఊరుండీది."

చిట్టెమ్మ కళ్లు తుడుచుకుని పెరడంతా మళ్లీ ఒకసారి చూసింది. "అయితే వాళ్ల ఇల్లు ఉన్నది ఈ చోటేనా?"

"ఇల్లు కాదు. ఇల్లు అల్లదిగో, ఆ రోడ్డు కింద పోనాది," అంటూ జోగమ్మ మడతపడిన చాపని మెల్లిగా విప్పి, అరచేత్తో నిమిరి సర్దింది.

"ఇక్కడ మా అక్కని పూడ్సినాం."