రెండో తనిఖీ

తాడు దెబ్బకి బామ్మర్ది వీపు చిట్లింది.

"వల లాగమంటే మూలుగుతావేంట్రా?" అంటూ పడవ నడిపే సరంగు మళ్ళీ తాడు ఎత్తాడు. బావ అడ్డం పడి ఆ దెబ్బ తన భుజం మీద వేయించుకున్నాడు. ఈ పడవ మీద ఎవరికీ దెబ్బలు కొత్త కాదు. బామ్మర్ది చెయ్యి సంగతే వేరు. వల చుట్టే యంత్రంలో పడి మూడు వేళ్ళు నుజ్జయ్యాయి, వాపు మోచేతి దాకా ఎక్కింది. వాళ్ళు ఒడ్డు చూసి పద్నాలుగు నెలలైంది. రెండు మూడు రోజుల్లో డాక్టరు చూడకపోతే మనిషి దక్కడని బావకి తెలుసు.

అప్పుడే తెల్లపడవ ఒకటి వచ్చి పక్కన ఆగింది. అందులో అందరికీ టోపీలు, యూనిఫారాలు.

"బావా, అధికారులు! మనల్ని అమ్మేశారని, చావగొడుతున్నారని అంతా చెప్పేస్తాను."

బావ చప్పున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. పోయిన నెలా ఇలాగే టోపీలు పెట్టుకుని వచ్చారు. వంటాయన నమ్మాడు. పాపం, ఏడుస్తూ కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. అంతా విన్నాక వాళ్ళు టోపీలు తీసి, సరంగుతో కలిసి పగలబడి నవ్వారు. వాళ్ళు పక్క పడవ మనుషులే. ఎవరి నోరు ఎలాంటిదో చూడ్డానికి సరంగు ఆడించిన నాటకం అది. వంటాయన్ని గొలుసుతో కుళ్ళబొడిచి, ఊపిరి ఉండగానే సముద్రంలోకి తోశారు.

"నోర్ముయ్యరా. వంటాయన గుర్తులేడా?"

"వీళ్ళు నిజమైనవాళ్ళే బావా!"

"ఆయనా అదే అన్నాడు."

"ఎలాగూ చస్తాను. చెప్పి చస్తాను, వదులు!"

బామ్మర్ది అరవబోయాడు. బావ పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. రెండు పళ్ళు ఊడిపడ్డాయి. తేరుకునేలోపే జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి, పడవ అడుగున చేపలు దాచే ఐసు గదిలోకి నెట్టి, చెక్కమూత వేసి దాని మీద కూర్చున్నాడు. పెళ్ళినాటి నుంచి తాను పల్లెత్తు మాట అనని బామ్మర్దిని కొట్టినందుకు అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

టోపీలవాళ్ళలో పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"మిమ్మల్ని కొడుతున్నారా?"

"లేదండి. మా సరంగు దేవుడండి."

"మరి భుజం మీద ఆ వాత?"

"తాడు తెగి తగిలిందండి."

పడవలోని మిగతా కూలీలు గొర్రెల్లా తలలూపారు. సరంగు ఓ పక్కన చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. వీడి నటన బాగా ముదిరిందిలే అని బావ పళ్ళు నూరుకున్నాడు.

కింద మూతకి ఏదో దబ్బున తగిలింది.

"ఏమిటది?"

"పెద్ద చేపండి. ఇంకా ప్రాణం పోలేదు."

పెద్దాయన అతని మొహంలోకి చూశాడు. "భయపడకు. ఒక్క మాట చెప్పు చాలు, అందర్నీ ఇప్పుడే ఒడ్డుకి తీసుకెళ్తాం."

వంటాయనకీ అచ్చం ఇవే మాటలు చెప్పారు.

"మాకిక్కడ ఏ లోటూ లేదండి" అన్నాడు బావ.

తెల్లపడవ వెనక్కి తిరిగింది. అది కనుమరుగయ్యేదాకా బావ మూత మీద నుంచి కదల్లేదు. ఈ పూటకి బామ్మర్దిని బతికించుకున్నాననుకున్నాడు. ఇక సరంగు నవ్వుతాడు, శభాష్ అని వీపు తడతాడు అనుకుంటూ తలెత్తాడు.

సరంగు గజగజ వణుకుతూ వచ్చి, "నన్ను జైలుపాలు కాకుండా కాపాడావురా" అంటూ అతని కాళ్ళు పట్టుకున్నాడు.