మగ్గం గుంతలో నారు

"టమాట నారుకు నాలుగాకులొచ్చినయి. ఇగ బయట పెడ్తనయ్యా," అంది శంకరమ్మ.

ఎండ, గాలి తగలకుండా మగ్గం గుంతలో, కొబ్బరి చిప్పల్లో పోసిన నారు అది. మగ్గం అమ్మేశాక ఇంట్లో మిగిలింది ఆ గుంత ఒక్కటే. నారు బయటికి పోగానే దాన్ని పూడ్చేద్దామని వాకిట్లో ఎర్రమట్టి కూడా పోయించి పెట్టుకుంది.

"జర ఆగు. గాలి గట్టిగున్నది," అన్నాడు ఆమె భర్త నాగప్ప.

నిన్నా అదే మాట, మొన్నా అదే మాట. వెలుతురు చాలక నారు సన్నగా సాగి తలలు వాల్చేసింది.

"గిట్ల చీకట్ల పెడితే సస్తది. నీకేం తెల్వదు," అని విసుక్కుంటూ చిప్పలు ఒక్కొక్కటే పైకి తీసింది.

నాగప్ప ఖాళీ అయిన గుంత అంచున కూర్చుని, చీర నేసేటప్పటిలాగే కాళ్లు లోపలికి దించాడు. అక్కడ లేని తొక్కుడు చెక్కలను ఆయన పాదాలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతున్నాయి.

శంకరమ్మ వాకిట్లోని మట్టికుప్ప వైపు చూసింది. తీసిన చిప్పల్ని తెచ్చి మళ్లీ ఆయన కాళ్ల పక్కనే సర్దింది.

"నిజమేనయ్యా. గాలి గట్టిగనే ఉన్నది."

బయట దండెం మీద ఆరేసిన చీర కొంగైనా కదలడం లేదు.