పెద్దావిడ నోటి భాష

"అమ్మ మళ్ళీ ఏదో అంది. విన్నావా?" అన్నాడు సెక్రటరీ, టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి.

"విన్నాను," అంది భార్య బట్టలు మడతపెడుతూ.

"అది మన భాష కాదు."

"కాదు."

"అంత తాపీగా చెప్తావేంటి?"

"అరిస్తే మన భాష అయిపోతుందా?"

ఆయన వీధి సంఘానికి సెక్రటరీ. టైల్స్ దుకాణం ఉన్నా, ఊళ్ళో అందరికీ ఆయన సెక్రటరీగానే తెలుసు. సాయంత్రం సంఘం మీటింగులో మాట్లాడాలి. బయటినుంచి వచ్చి ఊళ్ళో స్థిరపడుతున్నవాళ్ళ గురించి. 'స్థిరపడటం' అన్నది భార్య మాట. ఆయన మాటలు వేరు. పొద్దుట్నుంచీ హాల్లో పచార్లు చేస్తూ వాటినే సాధన చేస్తున్నాడు.

"దిగబడ్డారు అందామా? ఊహూఁ, చప్పగా ఉంది. చెదల్లా పట్టారు. ఆఁ, చెదలు బాగుంది. ఈ దిగుమతి సరుకుని ఇలాగే వదిలేస్తే..."

"షాపులో దిగుమతి సరుకని మురిసిపోతూ చూపిస్తారుగా," అంది భార్య.

"అవి టైల్స్."

లోపలి గదిలోంచి తల్లి గొంతు మళ్ళీ వినిపించింది. ఏదో కథ చెబుతున్నట్టు సాగుతోంది. మధ్యమధ్యలో "ఊఁ... ఊఁ..." అంటూ ఆయా గొంతు.

పెద్దావిడది మతిమరుపు జబ్బు. ముందు వంటింటి దారి మరిచిపోయింది, తర్వాత కోడల్ని, ఈమధ్య కొడుకుని. మాట విషయంలో ఒకప్పుడు ఆవిడంత పట్టింపు మనిషి వీధిలో లేదు. చిన్నప్పుడు కొడుకు ఒక ఒత్తు తప్పు పలికితే ముందున్న కంచం తీసేసేది. సరిగ్గా పలికాకే మళ్ళీ పెట్టేది. "మాట తేడాగా ఉంటే మనిషిని తేడాగా చూస్తార్రా," అనేది. అలాంటి మనిషి నోట ఇప్పుడు గోడౌన్ల పేట భాష! బయటినుంచి వచ్చి ఆ పేటలో ఉంటూ, దుకాణంలో లారీల సరుకు దింపే కూలీలు అరుచుకునే భాష అది. అర్థం తెలియకపోయినా ఆ యాసని సెక్రటరీ ఎక్కడైనా గుర్తుపడతాడు.

"ఉన్న మాటలు ఒక్కొక్కటే పోతుంటాయి. పాతవి ఆఖర్న పోతాయి. ఏవి మిగిలితే వాటితోనే మాట్లాడించండి," అన్నాడు డాక్టరు క్రితంసారి చూసినప్పుడు.

"మనవి పోతున్నాయి, వాళ్ళవి చొరబడుతున్నాయి," అన్నాడు సెక్రటరీ ఇప్పుడు భార్యతో. "ఊళ్ళో జరుగుతున్నదే మా అమ్మ బుర్రలోనూ జరుగుతోంది." ఆ వాక్యం ఆయనకే నచ్చింది. సాయంత్రానికి పనికొస్తుందని ఇంకోసారి అనుకున్నాడు.

ఆయాని ఏజెన్సీవాళ్ళు పంపారు. ఉండేది గోడౌన్ల పేటలో అని తెలిశాక ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ పిల్లతో మాట్లాడాల్సి వస్తే గొంతు పెంచి, చెవిటివాళ్ళకి చెప్పినట్టు మాటలు విరిచి చెప్పేవాడు. "మందు... వేశావా... అమ్మకి?"

"వేశానండి. పడుకోబోయే ముందు వెయ్యాల్సింది పక్కన పెట్టాను."

"మన భాష బాగానే పట్టావే!"

"అవునండి," అని ఆ పిల్ల పనిలో పడిపోయేది.

ఇవాళ మాత్రం గది గుమ్మంలో నిలబడి నేరుగా అడిగేశాడు. "నీకు జీతమిచ్చేది అమ్మని చూసుకోవడానికి. మీ భాష అంటగట్టడానికి కాదు."

"సార్, నేను..."

"మధ్యలో మాట్లాడకు. ఈ ఇంట్లో ఆ భాష ఎవరికి వచ్చు? నాకు రాదు, మా ఆవిడకి రాదు. ఈ వీధిలో ఎవరికీ రాదు. అమ్మ గుమ్మం దాటి ఏళ్ళయింది. ఇంక నువ్వు కాక ఎవరు నేర్పుతారు?"

ఆయా అన్నం గిన్నె చేతిలోకి తీసుకుంది.

"రేపట్నుంచి రానక్కర్లేదు."

"అత్తయ్యగారు ఈ అమ్మాయి చేత్తో తప్ప తినరు," అంది వెనకనుంచి భార్య.

"కన్నకొడుకు పెడితే ఎందుకు తినదు?" అంటూ ఆయా చేతిలోని గిన్నె లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నోరు తెరు."

పెద్దావిడ ఆయన వైపు తిరిగింది. చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుంది. నుదుటి మీంచి గడ్డం దాకా వేళ్ళతో తడిమింది. ఆ చేతులు అలా తనని తాకి ఎన్నేళ్ళయిందో ఆయనకి గుర్తు లేదు. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది. గబగబా, ఆగకుండా, ఒకచోట నవ్వి, ఒకచోట గొంతు తగ్గించి. చివర్న ఏదో అడిగింది. అడిగి, ఆయన కళ్ళలోకి చూస్తూ ఆగింది.

"నేనేనమ్మా," అన్నాడు సెక్రటరీ.

ఆవిడ తల అడ్డంగా ఊపి, అదే మళ్ళీ అడిగింది. ఈసారి బతిమాలినట్టు.

"అమ్మా, నేను... నీ కొడుకుని."

ఆవిడ కళ్ళు తడిశాయి. ఆయన చెంపల మీది చేతులు మెల్లగా జారిపోతుంటే, గిన్నె పక్కన పడేసి ఆ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమడుగుతోంది?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆయా ఆయన పడేసిన గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్నేనమ్మా. రేపూ రా, ఎల్లుండీ రా, ఇందాక అన్నవేవీ మనసులో పెట్టుకోకు. అమ్మ ఏమడుగుతోందో చెప్పు చాలు. ఏం జవాబు చెప్పాలో అది కూడా నేర్పు, మీ భాషలోనే చెప్తాను."

ఆయా గోడవైపు చూసింది, పెద్దావిడ వైపు చూసింది.

"నేను ఇక్కడే పుట్టాను సార్, నాకు ఆ భాష రాదు."