రెండు వేళ్ళ నడుమ మెట్టు

నా మాజీ మొగుడి గిటార్ స్కూలుకి సరిగ్గా ఎదురుగా గది తీసుకుని బోర్డు పెట్టాను: "బ్లూస్ స్కేలు. మొదటి రోజే ఆరు స్వరాలూ." అతని కుర్చీలోంచి చూస్తే సూటిగా కనపడాలని నేనే నిచ్చెనెక్కి మేకులు కొట్టాను.

నెల తిరక్కుండానే అతని శిష్యుల్లో సగంమంది రోడ్డు దాటి వచ్చేశారు. ఇవాళ అతనే వచ్చాడు, మొహం కందగడ్డ చేసుకుని.

"రండి గురువుగారూ," అన్నాను.

పదకొండేళ్ళు నేను అతనికి భార్యని, శిష్యురాలిని. బ్లూస్ స్కేలంటే ఆరు స్వరాల వరస; అతను నాకు నేర్పింది మాత్రం ఐదే. అతను వాయిస్తుంటే జనం ఊగిపోయే ఆ ఆరోది ఏదని అడిగితే, "అది నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి" అనేవాడు. తీరా చూస్తే అది మూడో స్వరానికీ నాలుగో స్వరానికీ మధ్య, ఒకే తీగ మీద, నా రెండు వేళ్ళ నడుమ ఇన్నేళ్ళూ ఖాళీగా పడున్న మెట్టు.

"ఎవడు చెప్పాడు నీకు? వాడి అంతు చూస్తాను!" అని అరిచాడు.

"లోపల క్లాసు చెబుతున్నారు. మీరే చూసుకోండి."

తలుపు తోశాను. రోజూ కుట్టు నేర్చుకోవడానికని ఇంట్లోంచి బయల్దేరే అతని రెండో భార్య, ఒళ్ళో గిటార్‌తో తలెత్తింది.

"నాకూ పుట్టుకతో రాలేదన్నారుగా," అంది, వాయించడం ఆపకుండా. "అక్కా నేనూ కూర్చుని వెతుక్కున్నాం. అరగంట పట్టింది."