తూటాల తోలుపట్టీ

"మళ్లీ వాడికేనా!" అంటూ తైస్తో టోపీ తీసి మంచులో విసిరికొట్టాడు.

పక్క మాటులోంచి తుపాకి ఒక్కసారే పేలింది. రాయిమో తుపాకి ఒక్కసారి పేలిందంటే ఇక రెండోసారి పేలే పని ఉండదు. వేటకుక్క మొరిగినప్పటి నుంచీ తైస్తో ఎడమచేయి కోటు జేబులోనే ఉంది, అక్కడున్న విడి తూటాలను కెలుకుతూ. ఏం లాభం? తుపాకిలో ఉన్న తూటాకే పని దొరకలేదు.

అతను వెళ్లేసరికి గుర్రమంత మూస్ దుప్పి పొదల్లో పడి ఉంది. చుట్టూ జట్టంతా చేరింది. రాయిమో పెళ్లికొడుకులా మధ్యలో నిలబడ్డాడు. అతని తుపాకి మడమకు ఆ తోలుపట్టీ! ఒక్కో తూటాకు ఒక్కో గూడు, గూటి లోపల మెత్తటి ఉన్నిగుడ్డ. తూటా కావాలంటే వేలు చాపితే చాలు. భార్య తన చేత్తో కుట్టి ఇచ్చిందట. అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకుంటాడు. దాన్ని చూస్తేనే తైస్తోకు ఒళ్లు మండిపోతుంది.

"తప్పంతా ఆ మాటుదే," అన్నాడు తైస్తో జట్టు పెద్ద ఓలవితో. "వాడికెప్పుడూ మంచి చోటే ఇస్తావు."

"పోయిన వారం మీ ఇద్దరి చోట్లూ మార్చాను కదరా. అప్పుడేమైంది? నువ్వు లేచిన చోట కూర్చుని వాడే కొట్టాడు."

తైస్తో టోపీకంటిన మంచు దులపసాగాడు.

ఓలవి గొంతు తగ్గించాడు. "చూడు తైస్తో, ఈ ఏడు మన పర్మిట్లో ఇంకొక్క మూసే మిగిలింది. రేపు అది కూడా నీకు పడకపోతే వచ్చే ఏడు నీకు మాటు ఉండదు. వేట గుడిసెలో బఠాణీ సూపు కాచేవాడు కూడా కావాలిగా మనకి."

ఎంత తగ్గించినా ఆ మాట అందరికీ వినపడింది. అందరికన్నా గట్టిగా నవ్వింది రాయిమోనే.

ఈ ఫిన్లాండ్ అడవుల్లో మాటు పోయిన మగాణ్ణి ఇంట్లో పిల్లి కూడా లెక్కచేయదు. దారి పొడవునా తైస్తో ఒకటే ఆలోచించాడు. చోటు మార్చినా వాడిదే గెలుపు. గురి చూస్తే నాదే మేలు. మరి వాడికుండి నాకు లేనిదేమిటి?

ఇంటికొస్తూనే భార్య ముందు పాత బూటు ఒకటి పడేశాడు.

"హిల్కా, దీన్ని కోసి తోలుపట్టీ కుట్టు. రాయిమోది ఎలా ఉందో అలాగే. కాదు, దానికన్నా బాగా."

హిల్కా ఎగాదిగా చూసింది. "పట్టీలూ గిట్టీలూ సోకురాయుళ్లకన్నావు? మీ నాన్న జీవితమంతా తూటాలు జేబులోనే వేసుకు తిరిగాడన్నావు?"

"అన్నాను. ఇప్పుడు కుట్టమంటున్నాను."

"ఇంతకీ నీకు వాడి తుపాకి మీద కుళ్లా, వాడి పెళ్లాం మీద మోజా?"

"వాడి పెళ్లాం కుట్టగలిగింది నువ్వు కుట్టలేవా అని అడుగుతున్నా, అంతే."

ఆ మాటతో హిల్కాకు పౌరుషం పొడుచుకొచ్చింది. బూటు గొట్టం కోసింది, తన పాత ఉన్ని శాలువా కత్తిరించింది. సూది వేలికి గుచ్చుకున్నప్పుడల్లా రాయిమో ఇంటిల్లిపాదినీ కడిగేస్తూ మొత్తానికి కుట్టి అవతల పడేసింది. తైస్తో తూటాలు ఒక్కొక్కటే గూళ్లలోకి దోపాడు. భేషుగ్గా ఉంది. రాయిమోది దీని ముందు దిగదుడుపే.

మర్నాడు పొద్దున తైస్తో తుపాకి మడమ అందరికీ కనపడేలా భుజాన వేసుకుని గుడిసెలోకి నడిచాడు. రాయిమో కాఫీ తాగుతున్నాడు. చూశాడు. కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇదెప్పుడురా?"

"రాత్రే. మా ఆవిడ కుట్టింది."

"మరి... జేబులో ఏమీ లేవా?"

"ఎందుకుంటాయి? అన్నీ ఇక్కడే ఉంటేను."

రాయిమో మొహం మాడిపోయింది. "నా మాట విను, నీకు జేబే బాగుంటుందిరా. మీ నాన్నగారి పద్ధతి. పెద్దవాళ్ల అలవాట్లు పోగొట్టుకోకూడదు."

"ఏం, పట్టీ కట్టే యోగం నీకొక్కడికేనా?"

రాయిమో కాఫీ సగంలో వదిలేసి బయటికి పోయాడు. తైస్తో ప్రాణం లేచొచ్చింది. ఆహా! ఇన్నేళ్లూ తను కుళ్లి కుళ్లి చచ్చాడు, ఇవాళ్టికి వాడి వంతు వచ్చింది. మూస్ పడినా పడకపోయినా ఈ ఒక్క పూట చాలనిపించింది. కాదు కాదు, మూస్ కూడా పడాలి. వాడి కళ్లెదుటే పడాలి.

మాటులో మడతకుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుక్కల్ని వదిలేదాకా తైస్తో ఎప్పుడూ, జట్టువాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వాకీటాకీ రేడియో పెట్టడని జట్టులో అందరికీ తెలుసు. ఇవాళ ఆ హుషారులో ముందే చెవికి తగిలించేశాడు. రేడియోలో రాయిమో గొంతు, బతిమాలుతూ వినిపించింది.

"ఓలవీ, నీకు పుణ్యముంటుంది, నా మాటు మార్చు. ఎక్కడికైనా పంపు, తైస్తో పక్కన మాత్రం వద్దు."

తైస్తో మొహం చేటంత అయింది. ఇదీ కుళ్లంటే! అచ్చమైన కుళ్లు!

"అదేంట్రా?" అన్నాడు ఓలవి. "ఏటా వాడి పక్క మాటే కావాలని నా ప్రాణం తీసేవాడివి కదా?"

"అప్పుడంటే వాడు జేబులో తూటాలు గలగలలాడించేవాడు, ఆ చప్పుడుకి బెదిరిన మూస్ తిన్నగా నా ముందుకొచ్చి నిలబడేది."