గోరింట ఎత్తు

గుడ్ల దొంగల బెడద ఎక్కువై, అడవిలో పోలీసు దళం పెట్టారు. ఎంపిక బాధ్యత ఎలుగుబంటి జాంబయ్యది. ఆయన ఎండిన వాగులో ఒక వెదురుబొంగు పాతి, దాని మీద గీత గీశాడు. ఆ గీతను అందుకున్నవాళ్లకే పరుగు పరీక్ష.

గోరింట అనే కుందేలుకి ఆ కొలువంటే ప్రాణం. ఏడాదిగా రోజూ తెల్లారగానే గుట్ట ఎక్కి దిగుతోంది. తన వంతు రాగానే బొంగు పక్కన నిటారుగా నిలబడి చెవులు నిక్కించింది. అవి గీతను దాటాయి.

“చెవులు దించమ్మా. ఎత్తంటే నడినెత్తి వరకే,” అన్నాడు జాంబయ్య.

దించింది. రెండు వేళ్లు తక్కువైంది.

“వచ్చే ఏడు రా.”

“వచ్చే ఏడైనా ఇంతే ఉంటానండీ,” అంటూ గోరింట కళ్లు తుడుచుకుంది. పక్కకి తప్పుకోబోతూ ఉన్నట్టుండి ఆగి, మళ్లీ చెవులు నిక్కించింది. “అయ్యా, ఎగువన నీళ్ల హోరు వినిపిస్తోంది. వాగు వస్తోంది. అందరూ గట్టెక్కండి.”

జాంబయ్యకి ఏమీ వినపడలేదు. అయినా ఆమె ముఖం చూసి నమ్మాడు. అందరూ గట్టెక్కారో లేదో, ఎర్రనీళ్లు వచ్చి వెదురుబొంగుని ఊడ్చుకుపోయాయి.

జాంబయ్య గట్టు మీదే మరో బొంగు పాతాడు. “రా తల్లీ, ఈసారి చెవులతో కలిపి కొలుస్తాను. పోలీసుకి ముందు కావలసినవి అవే.”

కొలత సరిపోయింది.

“మరి పరుగు పరీక్ష ఎప్పుడండీ?” అంది గోరింట.

“అయిపోయింది,” అన్నాడు జాంబయ్య ఇంకా ఆయాసపడుతూనే. “గట్టెక్కేటప్పుడు నీ వెనకాలే కదా వచ్చాను.”